డాలస్ వైపు ఇళ్లలో లాన్‌కి పోయే నీళ్లు తగ్గించడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఏటా జూలై, ఆగస్టు నీళ్ల బిల్లులు రాగానే ఫ్రిస్కో, ప్లేనో, మెకిన్నీ, అలెన్ వైపు ఉండే మనవాళ్లు ఇవే సందేహాలు అడుగుతుంటారు. ఇల్లు కొన్న మొదటి వేసవిలో నాకూ ఇవే వచ్చాయి. అప్పట్లో ఒక నెలలో 30 వేల గ్యాలన్లు దాటిపోయాక గానీ గ్యారేజీ గోడకున్న స్ప్రింక్లర్ పెట్టె తెరిచి చూడలేదు. మీకు ఆ అవస్థ రాకూడదని నేర్చుకున్నదంతా ఇక్కడ పెడుతున్నాను. ఏ జవాబుకి ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు.

## బిల్లు చేతికొచ్చాక

ఇంట్లో నలుగురమే. నెలకి 33 వేల గ్యాలన్లు ఎలా వాడతాం? మీటరు తప్పేమో?

మీటరు తప్పడం చాలా అరుదు. లెక్క వేసి చూద్దాం. లాన్‌లో ఒక స్ప్రే జోన్, అంటే ఒకే వాల్వ్ మీద కలిసి నడిచే స్ప్రింక్లర్ల గుంపు, నిమిషానికి సుమారు 12 గ్యాలన్లు పోస్తుందనుకోండి. 8 జోన్లు, ఒక్కోటి 20 నిమిషాలు. ఒక్కసారి తిరిగితే 1,920 గ్యాలన్లు. వారానికి నాలుగుసార్లు తిరిగితే 7,680. నెలకి 33 వేలు. లీటర్లలో చెప్పాలంటే లక్షా పాతిక వేలు. హైదరాబాద్‌లో 5,000 లీటర్ల ట్యాంకర్ కోసం ఎదురుచూసినవాళ్లకి ఇంకో రకంగా చెప్తాను: 25 ట్యాంకర్లు గడ్డి మీద పోశాం.

ఫిబ్రవరి బిల్లు తీసి పక్కన పెట్టుకోండి. ఆ నెల స్ప్రింక్లర్లు ఆపి ఉంటే అందులో కనిపించేదే మీ ఇంటి లోపలి వాడకం. ఆగస్టు అంకెలోంచి అది తీసేస్తే మిగిలేది దాదాపు అంతా లాన్‌దే. స్నానాలు తగ్గించుకోండని పిల్లల మీద కేకలేసే ముందు ఈ తీసివేత ఒకసారి చేయండి.

లీకా, లేక మన వాడకమేనా? ఎలా తెలుస్తుంది?

రోడ్డు పక్కన నేలలో ఉండే మీటరు పెట్టె మూతని స్క్రూడ్రైవర్‌తో ఎత్తండి. చెయ్యి నేరుగా పెట్టొద్దు, లోపల సాలీళ్లు, చీమలు ఉంటాయి. ఇంట్లో కుళాయిలు, వాషింగ్ మెషీన్, ఐస్ మేకర్, స్ప్రింక్లర్లు అన్నీ ఆపి మీటరు ముఖం చూడండి. చిన్న త్రికోణమో, చక్రమో, డిజిటల్ అయితే కుళాయి బొమ్మో ఉంటుంది. అన్నీ ఆపాక కూడా అది కదులుతుంటే ఎక్కడో నీళ్లు పోతున్నట్టే.

తర్వాత స్ప్రింక్లర్ లైనుకి మాత్రమే వెళ్లే వాల్వ్ కట్టేయండి. కదలిక ఆగితే లీకు లాన్ కింద ఉంది. ఆగకపోతే ఇంట్లో ఉంది. అప్పుడు ముందుగా టాయిలెట్ ట్యాంకులో రెండు చుక్కల ఫుడ్ కలర్ వేసి, పావుగంట తర్వాత కింద బౌల్‌లోకి రంగు దిగిందేమో చూడండి.

మీ సిటీ ఆన్‌లైన్‌లో గంటగంటకీ వాడకం చూపిస్తుంటే పని ఇంకా తేలిక. తెల్లవారుజామున మూడింటి నుంచి ఐదింటి దాకా గ్రాఫ్ నిట్టనిలువుగా లేస్తే అది స్ప్రింక్లర్. రోజంతా ఒక్క గంటైనా సున్నాకి దిగకపోతే అది లీకు.

ఎక్కువ వాడితే గ్యాలన్ రేటు కూడా పెరుగుతుందా?

పెరుగుతుంది. ఇక్కడి సిటీలు అంచెల ధర పెడతాయి, పై అంచెలోకి వెళ్లిన నీళ్లకి రేటు ఎక్కువ. అందుకే చివరి 10 వేల గ్యాలన్లు తగ్గిస్తే మొదటి 10 వేలు తగ్గించినదానికంటే ఎక్కువ డబ్బు మిగులుతుంది. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. చాలా సిటీల్లో మురుగునీటి ఛార్జీని చలికాలం నెలల సగటు వాడకం మీద లెక్కగట్టి, అదే ఏడాది పొడవునా వేస్తారు. ఆ నెలల్లో స్ప్రింక్లర్ నడిపితే దాని భారం పన్నెండు నెలలు మోయాలి.

## గ్యారేజీలో ఉన్న పెట్టె

వారానికి రెండు రోజులే పెట్టాను. అయినా రోజూ తడుస్తోంది. ఎందుకు?

నా 30 వేల గ్యాలన్లు పోయింది సరిగ్గా ఇక్కడే. ఆ పెట్టెలో, అంటే స్ప్రింక్లర్లని నడిపే కంట్రోలర్‌లో, ఎ, బి, సి అని మూడు ప్రోగ్రాములు ఉంటాయి. మనం ఎ మార్చి సరిపోయిందనుకుంటాం. బిల్డర్ మనుషులు కొత్త గడ్డి పరిచినప్పుడు బి లో పెట్టిన రోజువారీ తడి మాత్రం అలాగే నడుస్తూ ఉంటుంది.

మా ఇంట్లో పట్టుకున్నది మా నాన్నగారు. ప్రకాశం జిల్లా నుంచి వచ్చిన నాలుగో రోజు, తెల్లారకముందే కాఫీ గ్లాసు పట్టుకుని పోర్టికోలో నిలబడి, "ఇవాళ కూడా తడిపావేంరా? నిన్ననే పెట్టావుగా!" అన్నారు. నేను పెట్టలేదన్నాను. ఆయన వంగి గడ్డి మీద చెయ్యి పెడితే బురద అంటుకొచ్చింది. గ్యారేజీలోకి వెళ్లి నాబ్ బి వైపు తిప్పాను. ఏడు రోజులూ టిక్ పెట్టి ఉన్నాయి.

స్టార్ట్ టైములు కూడా ఇలాగే దెబ్బతీస్తాయి. ఒక ప్రోగ్రాములో ఒక్కో స్టార్ట్ టైముకీ జోన్లన్నీ మొదటినుంచి చివరిదాకా తిరుగుతాయి. 'జోన్‌కో స్టార్ట్ టైము' అనుకుని ఎనిమిది పెట్టినవాళ్లు ఉన్నారు. వాళ్ల లాన్ ఎనిమిదిసార్లు తడిసింది. మూడు ప్రోగ్రాములూ తెరిచి, అక్కర్లేని స్టార్ట్ టైములు ఆఫ్ చేయండి.

కొత్త ఇల్లు. బిల్డర్ పెట్టిన సెట్టింగే ఉంచొచ్చా?

మొదటి రెండు మూడు వారాలు ఉంచండి. అప్పుడే పరిచిన గడ్డి చాపలకి వేరు లేదు కాబట్టి రోజూ తడి కావాలి. ఆ తర్వాత ఒక మూల పట్టుకుని మెల్లగా లాగి చూడండి. లేచి రాకపోతే వేరు దిగినట్టే. అప్పటినుంచి రోజు విడిచి రోజు, ఇంకో వారం పోయాక వారానికి రెండుసార్లు, అలా తగ్గించుకుంటూ రండి.

ఒక్కో జోన్‌కి ఎన్ని నిమిషాలు పెట్టాలి?

పక్కింటి నిమిషాలు మీకు పనికిరావు. అంగుళాల్లో ఆలోచించండి. మండే ఎండల్లో కూడా ఇక్కడి గడ్డికి వానతో కలిపి వారానికి సుమారు ఒక అంగుళం నీళ్లు చాలు. 1,000 చదరపు అడుగుల మీద ఒక అంగుళం అంటే 623 గ్యాలన్లు. 4,000 చదరపు అడుగుల లాన్‌కి దాదాపు 2,500. వానచుక్క పడని నెలలో కూడా 11 వేల గ్యాలన్లు దాటక్కర్లేదన్నమాట.

మీ సిస్టం ఎంత పోస్తోందో తెలుసుకోవడానికి అడుగు చదునుగా ఉన్న ట్యూనా డబ్బాలు, లేదా ఒకే సైజు స్టీలు గిన్నెలు అయిదారు జోన్‌లో అక్కడక్కడ పెట్టి 10 నిమిషాలు నడపండి. స్కేలుతో లోతు కొలవండి. సగటున పావు అంగుళం పడితే అర అంగుళానికి 20 నిమిషాలు. వారానికి అలా రెండుసార్లు. కదలకుండా విసనకర్రలా చిమ్మే స్ప్రే తలలు గంటకి సుమారు ఒకటిన్నర అంగుళం పోస్తాయి. గుండ్రంగా తిరిగే రోటర్లు అర అంగుళమే పోస్తాయి. రెండింటికీ ఒకే టైము పెట్టి ఉంటే స్ప్రే జోన్ మునుగుతుంది, లేదా రోటర్ జోన్ ఎండుతుంది. నీడలో ఉన్న జోన్‌కి ఇంకా తగ్గించండి.

20 నిమిషాలు పెడితే ఏడో నిమిషానికే నీళ్లు రోడ్డు మీదకి పారుతున్నాయి. ఏం చేయాలి?

ఇక్కడి నేల బ్లాక్‌లాండ్ ప్రెయిరీ బంకమట్టి. గుంటూరు, కర్నూలు, ఆదిలాబాద్ నల్లరేగడి చూసినవాళ్లకి దీని గుణం కొత్తగా చెప్పక్కర్లేదు. ఎండితే చెయ్యి పట్టేంత నెర్రెలు, తడిస్తే ఉబ్బి మూసుకుపోతుంది. నీళ్లు మెల్లగా తాగుతుంది, తాగాక చాలారోజులు పట్టి ఉంచుకుంటుంది.

అందుకని 20 నిమిషాలు ఒకేసారి వద్దు. ఏడేసి నిమిషాలు మూడు విడతలుగా పెట్టి, మధ్యలో గంట ఇంకనివ్వండి. 8 జోన్లు ఏడేసి నిమిషాలంటే 56 నిమిషాలు. కాబట్టి ఒకే ప్రోగ్రాములో రెండింటికి, మూడుంబావుకి, నాలుగున్నరకి మూడు స్టార్ట్ టైములు పెడితే అయిదున్నరకల్లా అయిపోతుంది. మొత్తం నిమిషాలు దాదాపు అవే, కానీ రోడ్డు పాలయ్యే నీళ్లు వేరుకి దిగుతాయి. కొన్ని కంట్రోలర్లలో దీనికి 'సైకిల్ అండ్ సోక్' అని విడిగా సెట్టింగ్ ఉంటుంది.

రోజూ కొంచెం మంచిదా, రెండు రోజులు బాగా పెట్టడం మంచిదా?

రెండు రోజులే. వాన పడ్డ వారం ఒక్కరోజు, ఒక్కోసారి అసలు అక్కర్లేదు. మా నాన్నగారి మాటే ఇక్కడ చెప్తాను: "ఇది వరి మడి కాదు, ఆరుతడి పైరు." రోజూ పైపైన తడిపితే వేరు పైనే ఉండిపోతుంది. ఆగస్టులో రెండు రోజులు నీళ్లు ఆగితే ఆ గడ్డి తట్టుకోలేదు. తడికీ తడికీ మధ్య ఆరనిస్తే వేరు నీళ్లు వెతుక్కుంటూ కిందికి దిగుతుంది.

ఏ టైములో తడపాలి?

తెల్లవారుజామున. గాలి తక్కువ, ఆవిరి తక్కువ, పొద్దెక్కేసరికి ఆకు ఆరుతుంది. రాత్రంతా ఆకు తడిగా ఉంటే ఫంగస్ వస్తుంది. డాలస్ సిటీలో ఏప్రిల్ 1 నుంచి అక్టోబర్ 31 దాకా పొద్దున 10 నుంచి సాయంత్రం 6 వరకు స్ప్రింక్లర్లు నడపకూడదు. మిగతా సిటీల రూల్స్ వేరుగా ఉంటాయి, మీ సిటీ వెబ్‌సైట్‌లో చూసుకోండి.

స్మార్ట్ కంట్రోలర్ కొంటే సరిపోతుందా?

వాతావరణం చూసి తనే తగ్గించుకుంటుంది కాబట్టి మంచిదే. కానీ నేల రకం, స్ప్రేనా రోటరా, ఎండా నీడా అన్నవి మీరు నిజంగా చూసి నింపాలి. అన్నిటికీ డీఫాల్ట్ ఉంచేస్తే అది కూడా అడ్డదిడ్డంగానే పోస్తుంది. విరిగిన తలని అది అతికించలేదు. కొనే ముందు వాటర్‌సెన్స్ ముద్ర (నీళ్లు ఆదా చేసే వస్తువులకి ఇచ్చే గుర్తు) ఉందో లేదో, మీ సిటీ రిబేటు ఇస్తుందో లేదో చూడండి. పైసా ఖర్చు లేని దారి ఇంకోటి ఉంది. టెక్సస్ ఏ అండ్ ఎం అగ్రిలైఫ్ వాళ్ల 'వాటర్ మై యార్డ్'లో చేరితే ఈ వారం ఎంత తడపాలో, అసలు తడపాలో అక్కర్లేదో కబురు పంపుతారు.

## రిపేర్లు

సిస్టం సరిగా పనిచేస్తోందని ఎలా తెలుస్తుంది? ఎప్పుడూ తెల్లవారుజామునే నడుస్తుంది, చూసేవాళ్లెవరు?

అసలు సమస్య అదే. మనం నిద్రలో ఉండగా నడిచి ఆగిపోతుంది. నెలకోసారి పగలు, ఒక్కో జోన్ రెండేసి నిమిషాలు చేత్తో నడిపి వెంట తిరగండి. సిటీలు పగటి తడిని ఆపినా పరీక్ష కోసం కొద్ది నిమిషాలు నడపడాన్ని మామూలుగా ఒప్పుకుంటాయి.

తల విరిగినచోట ఫౌంటెన్‌లా లేస్తుంది, అది ఎవరికైనా కనిపిస్తుంది. కనిపించనివి వేరే. వాలిపోయి కంచె మీద పోసే తల. గడ్డి పెరిగి కప్పేసిన తల. దాని చుట్టూ బుడగలు మాత్రమే వస్తుంటాయి. పొద పెరిగి అడ్డమైన తల. వాకిలి సిమెంటు మీద పోసేది. నీళ్లు చినుకుల్లా కాక పొగలా, మంచులా ఎగురుతుంటే ప్రెషర్ ఎక్కువైనట్టు, చాలా నీళ్లు గాలికే పోతాయి. ప్రెషర్ తగ్గించే తలలు, లేదా సన్నటి ధారలుగా తిరిగే నాజిల్స్ వేస్తే తేడా కళ్లకే తెలుస్తుంది. నాజిల్ మార్చడం బల్బు మార్చినంత పని. మార్చాక డబ్బాలతో మళ్లీ కొలిచి నిమిషాలు సరిచేయడం మాత్రం మర్చిపోవద్దు.

ఒక జోన్ ఆఫ్ చేసినా సన్నగా కారుతూనే ఉంది.

వాల్వ్ లోపలి రబ్బరు పొర కింద ఇసుక రేణువో చిన్న రాయో ఇరుక్కుని ఉంటుంది. స్ప్రింక్లర్ లైను కట్టేసి, వాల్వ్ మూత స్క్రూలు తీసి, పొర కడిగి తిరిగి బిగించండి. పొర చిరిగితే అదొక్కటే దొరుకుతుంది. మీవల్ల కాకపోతే రాష్ట్ర లైసెన్సు ఉన్న ఇరిగేటర్‌నే పిలవండి.

ఒక్కచోటే ఎండిపోతోంది. ఆ జోన్ టైము పెంచనా?

పెంచొద్దు. ఆ మూరెడు జాగా కోసం జోన్ మొత్తాన్ని ముంచుతారు. పొడుగాటి స్క్రూడ్రైవర్ తెచ్చి ఎండినచోటా, పక్కన పచ్చగా ఉన్నచోటా గుచ్చి చూడండి. ఎండినచోట దిగకపోతే నీళ్లు అందట్లేదు, తల సరిచేయండి. సులువుగా దిగిపోతే నీళ్లున్నాయి, జబ్బు వేరే. సెయింట్ అగస్టీన్ గడ్డిలో ఎండ తగిలేచోట చించ్ బగ్ అనే పురుగు పడితే అచ్చం నీళ్లు లేనట్టే కనిపిస్తుంది. దానికి ఎన్ని నీళ్లు పోసినా లాభం లేదు.

## గడ్డి, మొక్కలు, పెద్దవాళ్లు

మా గడ్డి ఏ రకమో తెలీదు. తేడా ఉంటుందా?

చాలా ఉంటుంది. ఆకు సన్నగా, ఎండలో దట్టంగా ఉంటే బెర్ముడా. వెడల్పాటి ఆకు, లావు తీగలతో పాకితే సెయింట్ అగస్టీన్. బెర్ముడా ఎండకి ఓర్చుకుంటుంది, నీడలో బతకదు. సెయింట్ అగస్టీన్ నీడలో బతుకుతుంది, నీళ్లు ఎక్కువ అడుగుతుంది. జోయిసియా ఈ రెండింటికీ మధ్య. సెయింట్ అగస్టీన్‌ని మూడు అంగుళాలకి తగ్గకుండా కోయండి, ఆకు నీడ నేలని కాపాడుతుంది.

గడ్డి గోధుమరంగుకి తిరిగితే చచ్చిపోయినట్టేనా?

బెర్ముడా అయితే చాలాసార్లు కాదు, నిద్రలోకి వెళ్తుంది, వాన పడితే లేస్తుంది. నీళ్లు ఎప్పుడు కావాలో గడ్డే చెప్తుంది. దాని మీద నడిచి వెనక్కి చూడండి. అడుగుల ముద్రలు అలాగే ఉండిపోయి, రంగు కొంచెం నీలిబూడిదకి తిరిగితే తడపాలి. వెంటనే లేచి నిలబడితే ఇంకా టైముంది.

గడ్డి తగ్గించి వేరే మొక్కలు పెట్టొచ్చా?

పెట్టండి. ముందు కాలిబాటకీ రోడ్డుకీ మధ్య ఉన్న సన్నటి పట్టీతో మొదలుపెట్టండి, అక్కడ పోసే నీళ్లలో ఎక్కువభాగం సిమెంటు మీదే పడుతుంది. టెక్సస్ సేజ్, రెడ్ యక్కా, లాంటానా, రోజ్‌మేరీ ఇక్కడి ఎండకి నిలుస్తాయి. అక్టోబర్‌లో నాటి, మొదళ్ల చుట్టూ మూడు అంగుళాల మల్చ్ (తడి ఆరకుండా కప్పే చెక్కపొట్టు లాంటిది) పరవండి. మొదటి ఏడాది మాత్రం నీళ్లు పోయాలి.

గోంగూర, బెండ, సొరపాదు ఉన్నాయి. లాన్‌కి తగ్గిస్తే ఇవి పోవూ?

పోవు, విడదీస్తే. కూరగాయల మడిని లాన్ జోన్‌లో కలిపి ఉంచడమే తప్పు. దానికి డ్రిప్ వేయండి. నీళ్లు మొక్క మొదలు దగ్గరే పడతాయి, ఆకు తడవదు, బూజు తెగులు తగ్గుతుంది. గోంగూర, బెండ ఈ ఎండకి సంతోషంగా పెరుగుతాయి. కరివేపాకు కుండీలోనే ఉండాలి కాబట్టి దానికి చెంబుతో పోస్తే చాలు.

ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు రోజూ సాయంత్రం పైపు పట్టుకుని లాన్ తడుపుతున్నారు. ఎలా చెప్పాలి?

వద్దని చెప్పకండి, పని మార్చండి. పైపు నిమిషానికి 8 నుంచి 10 గ్యాలన్లు పోస్తుంది, అరగంటకి 300 దాకా అవుతుంది. కానీ ఈ వీధుల్లో పగలంతా మాట్లాడే మనిషి లేక ఉన్నవాళ్లకి సాయంత్రం ఆ అరగంటే ఊరట. మా నాన్నగారికి స్క్రూడ్రైవర్ ఇచ్చి, "నాన్నా, ఇవాళ నీళ్లు కావాలో వద్దో నువ్వే చెప్పు" అన్నాను. ఆ వేసవంతా కంట్రోలర్ నడిచింది ఆయన మాట మీదే. మడికీ కుండీలకీ పైపు ఆయనదే, చివర నొక్కితేనే నీళ్లొచ్చే గన్ మాత్రం బిగించాను. సెప్టెంబర్ బిల్లు 12 వేల గ్యాలన్లకి దిగింది.

## సిటీ, హెచ్‌ఓఏ, పునాది

గడ్డి ఎండితే హెచ్‌ఓఏ (కాలనీ ఇంటి యజమానుల సంఘం) నోటీసు ఇస్తుందేమోనని టెన్షన్.

టెక్సస్‌లో 2013 నుంచి, నీళ్లు తక్కువ తాగే మొక్కలు పెట్టుకోవడాన్ని హెచ్‌ఓఏ పూర్తిగా నిషేధించలేదు. ప్లాన్ చూపించి అనుమతి తీసుకోమని అడగొచ్చు. అందుకే పని మొదలుపెట్టకముందే మొక్కల పేర్లతో చిన్న బొమ్మ గీసి పంపండి. సిటీ నీటి ఆంక్షలు ఉన్న సమయంలో గడ్డి రంగు మారిందని జరిమానా వేయకుండా 2025లో ఇంకో చట్టం వచ్చింది.

చెరువు నిండుగానే ఉందిగా, ఈ ఆంక్షలు దేనికి?

మన వైపు చాలా సిటీలకి నీళ్లు లవాన్ సరస్సు ఆధారంగా నడిచే నార్త్ టెక్సస్ మునిసిపల్ వాటర్ డిస్ట్రిక్ట్ నుంచి వస్తాయి. 2009లో టెక్సోమా సరస్సులో జీబ్రా మసెల్ అనే చిన్న గుల్ల జీవి కనిపించడంతో అక్కడి నుంచి తోడడం కొన్నేళ్లు ఆగింది. 2011లో భయంకరమైన కరువు వచ్చింది. 2014లో లాన్ తడపడం రెండు వారాలకి ఒక్కసారికి పరిమితమైంది. అప్పుడు ఇక్కడున్నవాళ్లకి గుర్తుండే ఉంటుంది. కొత్తగా కట్టిన బోడార్క్ సరస్సు నుంచి 2023లో నీళ్లు రావడం మొదలైంది, కానీ ఊళ్లు కూడా అంతే వేగంగా పెరుగుతున్నాయి.

నీళ్లు తగ్గిస్తే ఇంటి పునాది పగులుతుందంటున్నారు. నిజమా?

భయం నిజమే, మందు మాత్రం లాన్ ముంచడం కాదు. బంకమట్టి ఒక పక్క ఎండి ఇంకో పక్క తడిగా ఉంటే పునాది కదులుతుంది. గోడకి అడుగు, అడుగున్నర దూరంలో సోకర్ గొట్టం (పొడవునా నీళ్లు ఊరే గొట్టం) వేసి, ఇంటి చుట్టూ తడి సమానంగా ఉండేలా చూడండి. మట్టికీ సిమెంటుకీ మధ్య సందు కనిపిస్తే అది బాగా ఎండిందని గుర్తు.

## ఊరెళ్లేటప్పుడు

డిసెంబర్‌లో నెల రోజులు ఇండియా వెళ్తున్నాం. స్ప్రింక్లర్ ఏం చేయాలి?

ఆఫ్ చేయండి, గడ్డి ఎలాగూ నిద్రలో ఉంటుంది. స్ప్రింక్లర్ లైను వాల్వ్ కూడా కట్టేయండి. నేల పైకి కనిపించే బ్యాక్‌ఫ్లో పరికరం (లాన్ నీళ్లు తాగునీటి లైనులోకి వెనక్కి రాకుండా ఆపేది) ఉంటే దానికి గుడ్డో, అమ్మే తొడుగో చుట్టండి. 2021 ఫిబ్రవరి గడ్డకట్టు చలిలో పగిలినవాటిలో ఇవి చాలా ఉన్నాయి.

వేసవిలో నాలుగు వారాలు వెళ్తే?

ఆన్‌లోనే ఉంచండి, కానీ వెళ్లే ముందురోజు జోన్లన్నీ పగలు నడిపి చూడండి. రెయిన్ సెన్సర్ మీద గ్లాసుడు నీళ్లు పోసి, సిస్టం ఆగుతుందో లేదో పరీక్షించండి. పక్కింటివాళ్లకి ఇంటి తాళంతో పాటు స్ప్రింక్లర్ వాల్వ్ ఎక్కడుందో కూడా చూపించండి. తల విరిగి నీళ్లు పారుతుంటే వాళ్లు వాల్వ్ కట్టేయగలగాలి. మేం ఆ వాల్వ్ పెట్టె మూత మీద ఎర్ర పెయింట్‌తో చుక్క పెట్టి ఉంచాం.